ఒక పూట అధ్యక్షురాలు

బ్యాడ్జీల కోసం రైలెక్కేవాళ్ళుంటారా అని మా అనంతపురంలో నన్ను చూసి ఇప్పటికీ నవ్వుతారు. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. నాతోపాటు రిటైరైనవాళ్ళు తీర్థయాత్రలకు తిరుగుతుంటే నేను పాత పార్టీ మనుషుల ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నాను. రాజకీయాల్లోకి మొదటగా అడుగుపెట్టిన ఆడవాళ్ళ గుర్తులు వెతకడం నా పని. మహాసభల్లో గుండెల మీద పెట్టుకున్న బ్యాడ్జీలు, పట్టు రిబ్బన్లు, పేరు కుట్టిన చేతిసంచులు, గోడపత్రికలు, ఎన్నికల గుర్తు అచ్చేసిన రుమాళ్ళు. మగ నాయకులవి ఎక్కడైనా దొరుకుతాయి. ఆడవాళ్ళవి అంత తేలిగ్గా దొరకవు. మనిషి పోగానే ఇంట్లోవాళ్ళు చీరలు పంచుకుని మిగతావి చెత్తలో వేస్తారు.

నా పెట్టెలో ‘మహిళా ప్రతినిధి’ అని రాసిన బ్యాడ్జీలు బోలెడున్నాయి. ‘అధ్యక్షురాలు’ అని రాసినది మాత్రం ఒక్కటీ లేదు. ఒక సభకు ప్రతినిధులు వందలమంది వస్తారు, అధ్యక్షురాలు ఒక్కతే కదా. ఆమధ్య విజయవాడలో ఒక పుస్తకాల ప్రదర్శనలో నా సరంజామా అంతా బల్ల మీద పరిచినప్పుడు ఒకావిడ ఆగి చూసింది. “మా అత్తయ్యగారి దగ్గర కూడా ఇలాంటివి ఉన్నాయండీ, గుడివాడ రండి” అని ఫోన్ నంబరిచ్చింది. వానలు కాస్త వెనకబట్టాక బయలుదేరాను. తిరిగొచ్చి నెల దాటింది. చూసింది చూసినట్టు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

గుడివాడ: విస్తళ్ళ ముందు

అనంతపురం మనిషికి గుడివాడ దారిలో రైలు కిటికీ దగ్గర కూర్చోవడమంటే కడుపు మండే వ్యవహారం. ఎటు చూసినా నీళ్ళే. కాలువలు, పిల్ల కాలువలు, చేపల చెరువులు, మోకాలి లోతు నీళ్ళలో వరి. ఇన్ని నీళ్ళున్న ఊళ్ళో రాజ్యలక్ష్మి గారింటికి వెళ్ళేసరికి గుమ్మంలో ఆటో ఆపి నీళ్ళ క్యాన్లు దించుతున్నారు. నన్ను రమ్మన్న కోడలు నా ముఖం చూసి నవ్వింది.

“కాలువ నీళ్ళు ఎవరు తాగుతారండీ? చెరువుల మందులన్నీ వాటిల్లోకే కదా.”

క్యాన్ ఇరవై రూపాయలు. మా ఊళ్ళోనూ అంతే.

రాజ్యలక్ష్మి గారికి ఎనభై దాటాయి. పొలాలున్న కుటుంబం, మామగారి కాలం నుంచీ రాజకీయాలున్న ఇల్లు. నన్ను ముందు భోజనానికి కూర్చోబెట్టారు. దోసకాయ పప్పు, గోంగూర, వంకాయ కూర, గడ్డపెరుగు. మా వైపు రెండు పూటల్లో ఒక పూటైనా సంగటో జొన్నరొట్టో పడుతుంది. ఇక్కడ పొద్దున ఇడ్లీ తప్పితే మిగతాదంతా తెల్లన్నమే. నేను రెండోసారి వద్దన్నందుకు ఆవిడ నొచ్చుకున్నారు. “మీ సీమవాళ్ళు కారం తింటారు గానీ అన్నం తినరమ్మా” అన్నారు.

తిన్నాక పౌడరు డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించారు. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత ఉన్న గిల్టు బ్యాడ్జీలు రెండు దొర్లాయి. మీద వరికంకి, చుట్టూ ‘జిల్లా మహిళా మహాసభ, ప్రతినిధి’ అని అక్షరాలు. ఇప్పటికీ మెరుస్తున్నాయి.

“అధ్యక్షురాలిది ఎవరి దగ్గరుందండీ?” అని అడిగాను.

ఆవిడ ఖాళీ డబ్బాకు మూత పెట్టారు. “సువార్త దగ్గర ఉండాలి. పారెయ్యకపోతే.”

ఆ తర్వాత చెప్పిందంతా తలుపు వైపు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పారు. సువార్తమ్మ దివిసీమలో బాలవాడి టీచరు. ముప్పై ఏళ్ళ కిందట వాళ్ళ మండలానికి ఎంపీపీగా గెలిచింది. ఆ కుర్చీలోకి ఆడమనిషి రావడం అదే మొదలు. దళితపేట నుంచి మనిషి రావడమూ అదే మొదలు.

“పిల్లలకి చెప్పినట్టు చెప్పేదమ్మా ఉపన్యాసం. ఆడవాళ్ళంతా అలా చూస్తూ కూర్చునేవాళ్ళు. ఈ ఊళ్ళోనే మహాసభ. జిల్లా మహిళా విభాగానికి అధ్యక్షురాలిగా అందరం చేతులెత్తి ఎన్నుకున్నాం. పొద్దున నేనే బ్యాడ్జీ పెట్టాను ఆవిడ పమిటకి. మధ్యాహ్నం భోజనాల దగ్గర కాగితాలు పంచారు.”

“ఏం కాగితాలు?”

“ఆవిడ మొహం, బట్టల్లేని ఒళ్ళు. కింద ఏవో పాడు మాటలు. అవతలి పార్టీవాళ్ళు కాదు, మనవాళ్ళే. ఆ పదవి మీద కన్నున్నవాళ్ళు.”

“మీరేం చేశారు?”

“నాకూ ఒకటిచ్చారు. మడిచి విస్తరి కింద పెట్టేశాను. ఒక్కరం లేవలేదమ్మా. ఆవిడ విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. మేము పెరుగన్నం కూడా తిని లేచాం.”

వారం తిరక్కుండా సువార్తమ్మ రెండు పదవులకూ రాజీనామా ఇచ్చిందట. ఆమె కూతురు అప్పుడు బందరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. “ఆ పిల్ల ఏదో తాగింది. బతికిందిలే” అని రాజ్యలక్ష్మి గారు మాట ఆపేశారు. బ్యాడ్జీలు రెండూ నా చేతిలో పెట్టి, డబ్బు మాట ఎత్తనివ్వలేదు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి మాత్రం అన్నారు: “వెళ్తే, నేను అడిగానని చెప్పమ్మా.” మళ్ళీ తనే, “వద్దులే, చెప్పకు” అన్నారు.

బందరు: విడిగా ధర

మచిలీపట్నాన్ని అక్కడ ఎవరూ మచిలీపట్నం అనరు, బందరే. దారిలో పెడన దగ్గర రైలు ఆగినప్పుడు కలంకారీ గుడ్డలు గట్టు పొడుగునా ఆరేసి కనిపించాయి. ఎర్ర పూలు, నల్ల తీగలు. దిగి చూద్దామా అనుకుంటూనే ఉన్నాను, రైలు కదిలింది.

బందరులో నాకు పని చిలకలపూడిలో. రోల్డుగోల్డు నగలకు పేరుపడ్డ చోటు. రాజ్యలక్ష్మి గారి బ్యాడ్జీలు అక్కడివే. ఒక కార్ఖానా యజమాని వాటిని తిప్పి తిప్పి చూసి, “మా నాన్నగారి పనే అయ్యుండొచ్చండీ” అన్నాడు. అచ్చులు ఉన్నాయా అంటే తల అడ్డంగా ఊపాడు. “ఇత్తడి కింద అమ్మేశాం. ఇప్పుడు బ్యాడ్జీలెవరు చేయిస్తున్నారండీ? ప్లాస్టిక్ కార్డు మెళ్ళో వేసుకుని కూర్చుంటున్నారు.” ఊరికే వచ్చానని అనుకోకుండా ఒక జత గాజులు కొన్నాను. ఆరునెలలు గ్యారంటీ అన్నాడు. ఇల్లు చేరేసరికే ఒకటి నల్లబడింది.

అతనే కోనేరు సెంటర్ వైపు ఒక పాత కాగితాల కొట్టు చూపించాడు. వెళ్ళేముందు బందరు హల్వా తిన్నాను. నల్లగా, నేతితో జారిపోతూ, మా ఊరి మిఠాయిలకంటే రెండింతలు తీపి. ఆ రుచి నోట్లో ఉండగానే కొట్టులోకి వెళ్ళాను, ఆ తర్వాత మళ్ళీ హల్వా తినబుద్ధి కాలేదు.

కొట్టాయన యాభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. నాకు ఏం కావాలో చెప్పగానే స్టూలు వేసి, ఫ్యాను నా వైపు తిప్పి, పాత ఎన్నికల కట్ట విప్పాడు. గోడపత్రికలు, ఓటరు చీటీలు, నాలుగు రేకు బ్యాడ్జీలు. అందులో ఒక కరపత్రం మీద గళ్ళ చీర కట్టుకున్న నల్లటి మనిషి, సూటిగా చూస్తోంది. కింద ‘సువార్తమ్మ గారికే మీ ఓటు’ అని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈవిడవి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను.

ఆయన ఒక క్షణం నన్ను చూసి, కౌంటర్ కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు.

“ఇది విడిగా అండీ. ఐదొందలు.”

కవరులో ఉన్నదేమిటో తెలిసి కూడా చూశాను. అందులో సగం వయసున్న కాగితాన్నైనా ఇంత శుభ్రంగా దాచరు ఎవరూ.

“మిగతావన్నీ కిలో లెక్కన ఇస్తున్నారు. దీనికెందుకు ఇంత?”

“అడిగేవాళ్ళుంటారు మేడమ్ గారూ. మగాళ్ళ మీద వేసినవి ఎవరికి కావాలి?” అందులో వెటకారమేమీ లేదు. బియ్యం రకాల గురించి చెప్పినట్టు చెప్పాడు.

కొన్నాను. నేను వదిలేస్తే ఇంకెవరో కొని ఫోన్లలో తిప్పుతారని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ నాలాంటివాళ్ళకు దొరికినదేదీ వదలబుద్ధి కాదన్నది కూడా నిజం. లాడ్జి గదిలో దాన్ని చింపుదామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఉద్యోగమంతా పుస్తకాల పేజీలు చింపేవాళ్ళను తిట్టడంతోనే గడిచింది. చెయ్యి రాలేదు. చీర మడతల మధ్య పెట్టి సంచీ కట్టేశాను.

దివిసీమ: రేవు దాటిన ఊరు

బందరు నుంచి అవనిగడ్డ బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన నా యాస పట్టుకుని “మీది సీమా?” అని మొదలుపెట్టి, దిగేదాకా ఉప్పెన గురించి చెప్పాడు. ఆయన తాటిచెట్టుకు కరుచుకుని బతికాడు. తమ్ముడు పక్క చెట్టు పట్టుకున్నాడు. “తెల్లారి చూస్తే చెట్టుంది” అన్నాడు. మా వైపు వాన కోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేస్తారని చెబితే నమ్మలేనట్టు చూశాడు.

అవనిగడ్డ దాటి కోడూరు వైపు ఆటోలో వెళ్తుంటే వరి తగ్గిపోయి రొయ్యల చెరువులు మొదలవుతాయి. చదునుగా, బూడిద రంగులో, గాలికి ఉప్పు వాసన. దారిలో రెండు ఊళ్ళలో ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాళ్ళు చూశాను. ఒకే ఇంటి పేరు కింద వరసగా పసిపిల్లల పేర్లు. ఒక రాయి మీద పిల్లల స్కూలు యూనిఫారాలు ఆరేసి ఉన్నాయి.

సువార్తమ్మ గారి ఊరి పేరు రాయను. రోడ్డు మీద దిగి కాలువ రేవు దాటేటప్పుడు బురదలో చెప్పు తెగింది. చెప్పులు చేత్తో పట్టుకుని చర్చి వెనక కాలనీలోకి నడిచాను. రెండు గదుల ఇల్లు. గుమ్మంలో కుట్టుమిషను ముందు నలభై అయిదేళ్ళ ఆవిడ జాకెట్టు కుడుతోంది, మెడకు రుమాలు చుట్టుకుంది. సువార్తమ్మ గారిల్లేనా అని అడిగాను. ఆమె పెదాలు కదిలాయి, గాలి తప్ప ఏమీ వినిపించలేదు.

“గొంతు పట్టేసిందా? జలుబా?” అన్నాను.

ఆమె నవ్వి, లేచి, నా చెవి దగ్గరకు వచ్చి చెప్పింది. “జలుబు కాదండీ. నా గొంతే ఇంత. రండి.”

ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టుండే గొంతు. ఆమె పేరు కరుణ, సువార్తమ్మ గారి కూతురు. ఎవరో తెలిశాక నేను కాళ్ళు కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను.

సువార్తమ్మ గారు లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. కరపత్రంలో ఉన్న చూపే, మనిషి మాత్రం సగమయ్యారు. నేను వచ్చిన పని విని, “ఆ బ్యాడ్జీ ఎప్పుడో పారేశానమ్మా” అన్నారు. ఆవిడ వెనక నిలబడిన కరుణ లేదన్నట్టు తల ఊపింది.

భోజనం పెట్టకుండా పంపలేదు. చిన్న చేపల పులుసు, చింతపండు తక్కువ, పచ్చిమిర్చి ఎక్కువ. మేమిద్దరం తింటుంటే కరుణ పక్కన గిన్నెలో గంజిలాగా పిసికిన అన్నం పెట్టుకుంది. ప్రతి ముద్దకూ కళ్ళు మూసుకుని, ఆగి, మింగుతోంది. మా భోజనాలై, గిన్నెలు కడిగి, తల్లి మళ్ళీ మంచమెక్కినా ఆమెది సగం కూడా కాలేదు.

“అందరూ ఆ కాగితం సంగతే అడుగుతారు” అన్నారు సువార్తమ్మ గారు ఉన్నట్టుండి. “గెలిచిన సంగతి ఎవరూ అడగరు. మొదటిరోజు ఆఫీసుకెళ్తే నా కుర్చీ తీసేసి స్టూలు వేశారమ్మా. సరేనని స్టూలు మీదే కూర్చుని సంతకాలు పెట్టాను. ఫొటో తీయించి పేపరుకి పంపించా. మర్నాడు వాళ్ళే కుర్చీ మోసుకొచ్చారు.” నవ్వారు. “మా పేటకి కుళాయి వేయించాను. అదిగో, ఇప్పటికీ వస్తున్నాయి నీళ్ళు. ఉప్పగా వస్తున్నాయిలే.”

భర్త ఆ ఏడాదే ఇల్లు వదిలి వెళ్ళాడని, పాస్టరుగారు తప్ప చాన్నాళ్ళు ఎవరూ గుమ్మం తొక్కలేదని చెప్పారు. ఏడవలేదు. రాజ్యలక్ష్మి గారు గుర్తున్నారా అని అడిగాను. “పిన్ను గుచ్చేటప్పుడు నా చర్మానికి తగలకుండా వేలు అడ్డం పెట్టుకుంది. మంచావిడే” అన్నారు.

కరుణ గిన్నె పక్కన పెట్టి నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

“మీరు అన్నీ కొంటారు కదా. అమ్మ మీద వేసిన కాగితం దొరికిందా?”

లేదని అనొచ్చు. నా చెయ్యి సంచీ మీదకు పోయింది. ఆమె నా సంచీ వైపు చూసింది.

“చూపించండి.”

“వద్దే” అన్నారు తల్లి. “ఎందుకే ఇప్పుడు? వద్దమ్మా, తియ్యొద్దు.”

“నేను చూడలేదమ్మా.” ఆ మాట నాకూ తల్లికీ ఇద్దరికీ చెప్పింది, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ. “హాస్టల్లో అందరూ చూశారు. నా పక్క మంచం పిల్ల పుస్తకంలో పెట్టుకుంది. నేను వస్తే మూసేసేవాళ్ళు. ఒక్కళ్ళూ నాకు చూపించలేదు.”

నేను కవరు తీసి ఇచ్చాను.

కరుణ దాన్ని గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టుకుంది. నేనిక్కడ ఆ కాగితాన్ని వర్ణించను. ఒక్కటి చెప్పాలి, అది చాలా మొరటు పని. మొహం పెద్దది, ఒళ్ళు చిన్నది. మెడ దగ్గర కత్తెర గీత తెలుస్తోంది. ఆ ఒళ్ళు ఏ విదేశీ పత్రికలోదో, తెల్లగా ఉంది. మొహం ఓటు కరపత్రంలోదే, గళ్ళ చీర అంచు భుజం మీద ఒక ముక్క మిగిలిపోయింది కూడా.

ఆమె చాలాసేపు చూసింది.

“ఇంతేనా?” అంది.

మళ్ళీ చూసింది. ఆ అతుకు మీద బొటనవేలితో రాసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

“నేను నిజం ఫొటో అనుకున్నానమ్మా.”

సువార్తమ్మ గారికి అర్థం కాలేదు. నాకూ వెంటనే అర్థం కాలేదు. “ఏంటే?” అన్నారావిడ.

“ఎవరో నిన్ను తీశారనుకున్నా. నిజంగానే.”

“ఇన్నాళ్ళూనా?”

కరుణ తల ఊపింది.

బయట ఎవరిదో మేక అరుస్తోంది. మంచం మీద ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూతుర్నే చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు ఒక్క కప్పు కింద ఉన్నారు. ఒకరికి అన్నం పిసికి ఒకరు పెట్టారు, ఒకరి కుట్టుకూలితో ఒకరు మందులు కొన్నారు.

“నన్ను అడగలేదేంటే మరి?” అన్నారు చివరికి.

“నువ్వు చెప్పలేదు కదా.”

“కాదని నీకు తెలుసనుకున్నా.”

ఆ తర్వాత సువార్తమ్మ గారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. భుజాలు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. కరుణ వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యిని ఆవిడ తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. ఆ గదిలో నేను ఉండకూడదని తెలుస్తూనే ఉంది. పెరట్లోకి వెళ్ళి కుళాయి దగ్గర కూర్చున్నాను. నీళ్ళు నోట్లో పోసుకుంటే నిజంగానే ఉప్పగా ఉన్నాయి.

కరుణ బయటికి వచ్చేసరికి చేతిలో బొత్తాల డబ్బా ఉంది. హుక్కులూ బొత్తాలూ పక్కకు జరిపి బ్యాడ్జీ తీసింది. అదే వరికంకి. కింద నీలం పట్టు రిబ్బను వెలిసిపోయి, ‘అధ్యక్షురాలు’ అని బంగారు పొడి అద్దిన అక్షరాలు. రెండుసార్లు అమ్మ కాలువలో పారేయబోతే తనే దాచిందట.

“ఇది తీసుకెళ్ళండి. కాగితం నా దగ్గర వదిలెయ్యండి.”

“కాగితం ఏం చేస్తారు?”

“ఏమో. ఇంకా సరిగా చూడలేదు.”

లోపల నుంచి సువార్తమ్మ గారు పిలిచారు. లేచి కూర్చున్నారు, కళ్ళు తుడుచుకోలేదు. “ఆ బ్యాడ్జీ పక్కన ఏమైనా రాస్తావామ్మా? అట్ట మీద?”

రాస్తానన్నాను.

“గెలిచిందని రాయి. కుళాయి సంగతి రాయి. పిల్ల సంగతి కూడా రాయి. అది వదిలేసి నా గొప్పలు ఒక్కటీ రాయొద్దు.”

ఆ బ్యాడ్జీ కోసం ఎన్ని ఊళ్ళు తిరిగానో. సంచీలో వేసుకుంటుంటే మాత్రం, ఎవరింట్లోంచో అడక్కుండా తీసుకెళ్తున్నట్టే అనిపించింది. ఇప్పటికీ ఆ అట్ట ముక్క మీద మొదటి వాక్యం రాయలేకపోయాను.

రోడ్డు దాకా కరుణ వచ్చింది. కోడూరు వైపు నుంచి ఖాళీ ఆటో ఒకటి వస్తే చెయ్యెత్తి ఆపింది. డ్రైవరు ఆ ఊరివాడు కాదు, కుర్రాడు. ఇంజను డబడబలాడుతోంది. కరుణ ఏదో చెప్పింది.

“ఏంటి? గట్టిగా చెప్పండి, వినపడట్లా” అన్నాడు.

నేను చెప్పబోయాను. కరుణ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. మళ్ళీ చెప్పింది. అతను విసుగ్గా మొహం పెట్టి, నా వైపు చూశాడు. నేను కరుణ వైపు చూశాను. అప్పుడు ఆమె మెడ రుమాలు కాస్త వదులు చేసుకుని మూడోసారి మొదలుపెట్టింది. అతని చూపు ఆమె గొంతు మీది కుట్ల మచ్చ మీద పడింది. చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు. రోడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

“మేడమ్ గారిని అవనిగడ్డ బస్టాండులో దించాలి” అంది కరుణ.

“అలాగేనండీ” అన్నాడతను.